మెచ్చుకోళ్ళ పుస్తకం

అచ్చాయమ్మ గారి మాటను మెచ్చుకోళ్ళ పుస్తకంలో రాసింది హైమవతే. ఆ నేరాన్ని ఆమె తర్వాత కూడా ఎవరి మీదకీ నెట్టలేదు.

తణుకు దాటాక రోడ్డు వారనే ఉండే నురగ డెయిరీలో ఒక పద్ధతి ఉంది. రోజూ పొద్దున్న పది నుంచి పదకొండు దాకా, ప్యాకెట్ మీద అచ్చువేసిన నంబరుకు వచ్చే ఫోన్లన్నీ ప్రయోగశాల పెద్దే స్వయంగా ఎత్తాలి. తయారు చేసినవాళ్ళే తిన్నవాళ్ళ మాట వినాలన్నది యజమాని చిట్టిబాబు గారి పట్టుదల. బల్ల మీద రెండు పుస్తకాలుంటాయి. ఎర్రట్టది ఫిర్యాదులకు, పచ్చట్టది మెచ్చుకోళ్ళకు. ఆ పెద్ద హైమవతే. ఆమె ఉద్యోగంలో చేరిన పన్నెండేళ్ళలో ఎర్రట్ట పుస్తకాలతో ఒక బీరువా నిండింది. పచ్చట్టది మాత్రం ఒక్కటే, కొత్తవాసన కూడా పోకుండా అలాగే పడి ఉండేది. ఈ వేసవిలో కథ తిరగబడింది. ఎర్రది దాదాపు ఖాళీ, పచ్చదానికి తీరికలేదు.

ఆ రోజు మొదటి ఫోను ఇరగవరం నుంచి.

"హలో, పెరుగు కంపెనీ వోళ్ళేనాండీ? నా పేరు అచ్చాయమ్మండి. మీ పెరుగు పులవట్లేదండి."

హైమవతికి నవ్వొచ్చింది. "ఎన్ని రోజులైందమ్మా?"

"నాలుగ్రోజులండి. ఇంతలేసి ఎండల్లో గట్టు మీదే ఉంది గిన్నె. మజ్జిగ పులుసు పెడదామంటే పులుపన్న మాటే లేదు. అసలది మా అత్తగారిచ్చిన తోడండి. నలభై ఏళ్ళు ఒక్క పూట తప్పకుండా తోడెట్టుకుంటా వచ్చాను. మొన్న మా కోడలు మీ ప్యాకెట్లోది గరిటెడు తీసి అందులో కలిపేసింది. అంతేనండి, దాని పనైపోయింది. పక్కింటోళ్ళు నా దగ్గర తోడట్టుకెళ్ళారు. ఆళ్ళదీ అంతేనంట."

"అది మంచిదేనమ్మా. కొత్త రకం పెరుగు. పులవకుండా ఉండాలనే చేశాం. నిక్షేపంగా తినండి."

"పులవనిది పెరుగెలాగౌద్దమ్మా?" అంది ముసలావిడ. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు ఆ గొంతు, ఇంట్లో మనిషికేదో అయిందని చెబుతున్నట్టు ఉంది. హైమవతి ఇంకోసారి ధైర్యం చెప్పి ఫోను పెట్టేసింది. పచ్చ పుస్తకంలో పేరు, ఊరు, నంబరు వేసి, "నాలుగు రోజులైనా పులవలేదు" అని రాసుకుంది.

పులవకపోవడమే నురగ డెయిరీ పంట పండించింది మరి. అంతకు ముందు ఎండాకాలం వచ్చిందంటే చిట్టిబాబు గారికి పొద్దున్నే గండం. అంగళ్ళ నుంచి పులిసిపోయిన ప్యాకెట్లు పెట్టెలు పెట్టెలుగా వాపసు వచ్చేవి. ఆయన ప్రతి పెట్టెలోంచీ ఒక ప్యాకెట్ చింపి, వేలితో నాకి చూసి, మొహం చిట్లించి, మిగతావన్నీ కాలవలో పోయించేవాడు. పాలు పోసిన రైతులకు డబ్బులివ్వాలి, పోయిన పెరుగుకు ఎవరూ ఇవ్వరు. "అమ్మా హైమా, ఈ పులుపు ఒక్కటి ఆపు, నీ పేరు చెప్పుకుని బతుకుతాం" అనేవాడు.

ఆపడానికి ఆమెకు నాలుగేళ్ళు పట్టింది. పెరుగును తోడుకునేలా చేసే సూక్ష్మజీవుల్లోంచే ఒకదాన్ని పట్టి మార్చింది. అది పాలను చక్కగా గడ్డ కట్టిస్తుంది, ఆ తర్వాత పడుకుంటుంది. తను పడుకోవడమే కాదు, చుట్టూ ఉన్న పులిపించే జీవులన్నిటినీ పడుకోబెడుతుంది. ఇరవై ఒక్క రోజులు పెరుగు మొదటి పూట ఉన్నంత కమ్మగా ఉంటుంది. దానికి "నిశ్చల" అని పేరు పెట్టింది. కన్నబిడ్డకు పేరు పెట్టినంత మురిసిపోయింది ఆ రోజు.

పరీక్షల జాబితా కూడా తనే రాసింది. అందులో ఆఖరిది, ప్యాకెట్ పెరుగును తోడుగా వేసి, ఆ పెరుగును మళ్ళీ తోడుగా వేసి, అలా పది తరాల దాకా చూడటం. దానికి ఆరు వారాలు కావాలి. ఏసీ గదిలో మీటింగు పెట్టారు. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన అమ్మకాల మేనేజరు శ్రీకర్ జాబితా చూసి నవ్వాడు. "ఆరు వారాలంటే సమ్మర్ అయిపోతుంది మేడమ్. అయినా ఈ రోజుల్లో ప్యాకెట్ కొనేవాళ్ళు ఇంట్లో తోడు పెట్టుకుంటారా ఎవరైనా?"

గదిలో అందరూ నవ్వారు. హైమవతి ఇంట్లో రోజూ సాయంత్రం గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేసి మూతపెడతారు. వాళ్ళ వీధి మొత్తం మీద పెట్టని ఇల్లు లేదు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ ఏసీ గదిలో, ఆ ఇంగ్లీషు మాటల మధ్య, "మా ఇంట్లో పెడతామండీ" అనడానికి సిగ్గేసింది. నిశ్చల తొందరగా బయటికి రావాలని ఆశ కూడా ఉంది. పెన్ను తీసి ఆఖరి పరీక్షను తన చేత్తోనే కొట్టేసింది.

*

"అక్కా, పిండి పొంగలేదే" అంది పద్మజ.

అచ్చాయమ్మ గారి ఫోను వచ్చిన మూడు వారాలకు, ఒక మంగళవారం పొద్దున్న. పద్మజ హైమవతి చెల్లెలు, ఏడో నెల. భర్తకు ఓడ మీద ఉద్యోగం. అమ్మ లేదు కాబట్టి పురిటికి అక్క ఇంటికే వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఊరికే కూచోలేక వంటిల్లు తన చేతుల్లోకి తీసుకుంది.

హైమవతి గిన్నె మూత తీసి చూసింది. రాత్రి ఎంత పిండి పోశారో పొద్దున్నా అంతే ఉంది. ఒక్క బుడగ లేదు. వైశాఖ మాసంలో ఇడ్లీ పిండి పొంగి గట్టంతా కారాలి గానీ ఇలా ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఇందులో ఏం కలిపావే?"

"ఏముందీ, ఎప్పుడూ వేసేదే. మెత్తగా వస్తాయని చెంచాడు పెరుగేశాను."

"ఏ పెరుగు?"

"మనదే. అదేంటలా చూస్తావ్? ప్యాకెట్ మన గడప తొక్కనివ్వవు కదా నువ్వు."

అది నిజమే. తను తయారుచేసిన పెరుగును తన ఇంట్లోకి తేలేదు హైమవతి. అనుమానంతో కాదు, అలవాటు లేక. ఆమె ఫ్రిజ్ పక్కనున్న గిన్నెలోంచి వేలితో కాస్త తీసి నాలిక మీద పెట్టుకుంది. కమ్మగా ఉంది, నిన్నటి పెరుగు, గట్టు మీద పడి ఉన్న పెరుగు.

"మన తోడేనా ఇది? నిజం చెప్పు."

"రెండు వారాల కిందట తోడు అయిపోతే ఎదురింటి కాంతమ్మ గారినడిగి తెచ్చాను. ఆవిడ వాళ్ళ వదినగారింటి నుంచి తెచ్చుకున్నారట. చాలా బావుంటోందే అక్కా, అసలు పులవట్లేదు. మూడు పూటలా పెరుగన్నమే తింటున్నాను. వేరేదేదీ సయించట్లేదు నాకు."

హైమవతి గిన్నెడు పెరుగులోంచి కొంచెం టిఫిన్ డబ్బాలోకి తీసి, మిగతాదంతా సింకులో పోసి నీళ్ళు వదిలింది. పద్మజ చెయ్యి అడ్డం పెట్టబోయింది. "పిచ్చా నీకు? బంగారంలాంటి పెరుగు!"

"ఇక పెరుగు తినకు. ఎక్కడా తినకు. నేను చెప్పేదాకా."

"ఏమైందో చెప్పవే!"

హైమవతి డబ్బా మూత బిగించింది. పులుపంటే ఇన్నాళ్ళూ ఆమెకు ఒక లోపం, వాపసు వచ్చే పెట్టెలకు కారణం, అంతే. ఆ పులుపే ఇంటి గిన్నెకు కాపలా అని ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. చెడ్డ క్రిములు ఆ పులుపులో బతకలేవు కాబట్టే మన పెద్దవాళ్ళు ఫ్రిజ్ లేకుండా పెరుగు తిని బతికారు. ప్యాకెట్ మూసి ఉంటుంది, చల్లగా ఉంటుంది, దానికి కాపలా లేకపోయినా గడుస్తుంది. గట్టు మీద గిన్నె అలా కాదు. దాంట్లో చెయ్యి పడుతుంది, కూర గరిటె పడుతుంది, కడగని కొత్తిమీర రెబ్బ పడుతుంది.

డెయిరీకి వెళ్ళగానే తలుపు వేసుకుని, డబ్బాలోని పెరుగును గాజు పళ్ళేల మీద పరిచి, వెచ్చటి పెట్టెలో పెట్టింది. రెండు రోజులు ఆగాలి. ఆ రెండు రోజులూ ఆమె మెతుకు ముట్టలేదు. పదింటికి మోగే ఫోనంటేనే భయం పట్టుకుంది. ఫోనెత్తగానే ఎవరో ఒకరు సంబరంగా చెప్పేవారు, వారమైనా పులవలేదండీ అని.

గురువారం పొద్దున్న పళ్ళేలు బయటికి తీసింది. పళ్ళెం నిండా బూడిదరంగు చుక్కలు. అవేమిటో ఆమె చూడగానే గుర్తుపట్టింది. మట్టిలోనూ, పచ్చికూరల మీదా ఉండే క్రిమి అది. మామూలు మనిషికి జ్వరం తెచ్చి వదిలేస్తుంది. గర్భిణిని మాత్రం వదలదు. తల్లి రక్తంలోంచి బిడ్డ దగ్గరికి దారి వెతుక్కుంటుంది. పుల్లని పెరుగులో రెండు రోజులు కూడా బతకని ఆ ముష్టి క్రిమి, కమ్మని పెరుగులో లక్షలుగా పెరిగి కూచుంది. రంగు మారదు, వాసన మారదు. పైపెచ్చు మూడు పూటలా తినాలనిపించేంత రుచిగా ఉంటుంది.

పద్మజ రెండు వారాలు తింది.

*

చిట్టిబాబు గారు చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే ఆమెకు ఇంత భయం వేసేది కాదేమో. ఆయన పళ్ళేలను శ్రద్ధగా చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. శ్రీకర్‌ను కూడా పిలిపించాడు.

"ఎంతమందికి జబ్బు చేసిందమ్మా?"

"ఇంకా తెలీదండి. తెలిసేసరికి ఆలస్యమైపోతుందండి. ఇవాళే ప్యాకెట్లన్నీ వెనక్కి తెప్పించాలండి, పేపర్లో వెయ్యాలండి."

"ఉండమ్మా, ఉండు. ఎర్ర పుస్తకం తే."

ఎర్ర పుస్తకంలో ఆ నెలకు ఆరు ఫిర్యాదులున్నాయి. నాలుగు ప్యాకెట్ కారిందని, రెండు చిల్లర ఇవ్వలేదని.

"లక్షల ప్యాకెట్లు పోతున్నాయి. జబ్బు మాట ఒక్కరూ అన్లేదు. ఇప్పుడు మనమే పేపర్లో వేసుకుంటే రేపు పొద్దున్న పాలు పోయడానికొచ్చిన రైతులకి ఏం చెప్పను? మీ పాలు వద్దు, పట్టుకుపొండి అని చెప్పనా? అంతమంది కుటుంబాలున్నాయి ఈ గేటు వెనకాల. నీ మాట కొట్టెయ్యట్లేదు. ఏదో ఒకటి చేద్దాం. ప్యాకెట్ మీద 'తోడుకు పనికిరాదు' అని వేద్దాం."

"ఇప్పుడున్న ప్యాకెట్ కవర్ల ఫిల్ము రోల్స్ రెండు నెలలకి సరిపడా ప్రింటై ఉన్నాయి సర్" అన్నాడు శ్రీకర్. "అవి అయ్యాక కొత్త రోల్స్‌లో వేయించొచ్చు. వెనకవైపు, చిన్న అక్షరాల్లో."

"రెండు నెలలా!" అంది హైమవతి.

"మరి అచ్చైన రోల్స్ పారేస్తామా అమ్మా? ఆ మాట ఎలా రాయాలో నువ్వే రాసివ్వు" అన్నాడాయన. ఆమె మనసు తేలికపరచాలని పచ్చ పుస్తకం తెరిచి చూపించాడు. "ఇది చూడు. రెండొందల పన్నెండు మంది. పులవలేదు, పులవలేదు, పులవలేదు. నా జీవితంలో ఇంతమంది మెచ్చుకోవడం ఇదే మొదలు."

హైమవతి ఆ పుటల వంక చూసింది. అన్నీ తన దస్తూరీయే. వేలితో ఒక్కో ఊరి పేరూ చదువుతూ పోయింది.

"ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినేసేవాళ్ళకి పులవట్లేదని ఎలా తెలుస్తుందండీ?" అంది. "తెలీదండి. గట్టు మీద గిన్నెలో తోడు పెట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ఇవి మెచ్చుకోళ్ళు కావండి. ఇది ఎక్కడెక్కడికి పాకిందో చెప్పే జాబితా అండి. ఫోన్ చేసినవాళ్ళే ఇంతమంది. చెయ్యనివాళ్ళెంతమంది? వాళ్ళ దగ్గర తోడు పట్టుకెళ్ళినవాళ్ళెంతమంది?"

చిట్టిబాబు గారి మొహంలో రక్తం లేదు. ఆయనకు అర్థమైంది. హైమవతి ఒక్క క్షణం ఆశపడింది. కానీ ఆయన పుస్తకం మెల్లిగా మూసి, తల ఎత్తకుండా అన్నాడు.

"నువ్వు చెప్పిందే నిజమైతే, ఇప్పుడు వెనక్కి తెప్పించి లాభమేంటమ్మా? ప్యాకెట్లలో ఉన్నది తేగలం. గిన్నెల్లో ఉన్నది ఎవడు తెస్తాడు? డెయిరీ మునుగుతుంది, అది మాత్రం ఆగదు."

లెక్కకు ఎంత సరిగ్గా ఉందో ఆ మాట! అంతలో ఆమె చేతిలో ఫోను మోగింది. పద్మజ.

"అక్కా, చలేస్తోందే. ఇంత ఎండలో దుప్పటి కప్పుకున్నా తగ్గట్లేదు. పొద్దుట్నించీ లోపల కదలట్లేదే అక్కా. నాకు భయమేస్తోంది."

హైమవతి పచ్చ పుస్తకం బల్ల మీదినుంచి లాక్కుని సంచిలో పడేసుకుంది. "మేడమ్, అది కంపెనీది" అన్నాడు శ్రీకర్. చిట్టిబాబు గారు చెయ్యెత్తి అతన్ని ఆపాడు. ఎందుకు ఆపాడో ఆయనకే తెలియాలి.

*

ఆసుపత్రిలో డాక్టర్ వసుంధర గారు పద్మజ కడుపు మీద పరికరం పెట్టి చాలాసేపు విన్నది. అంతసేపూ హైమవతి ఆవిడ కనుబొమల వంకే చూస్తూ నిలబడింది.

"గుండె కొట్టుకుంటోంది. కానీ నీరసంగా ఉంది" అందావిడ బయటికొచ్చి. "బయట తిండేమైనా తిన్నారా?"

"లేదండి. ఇంట్లో పెరుగన్నమే."

"పెరుగన్నం వల్ల ఏమీ కాదులెండి. రక్తపరీక్షకి పంపుతాను, మూడు రోజుల్లో ఏ క్రిమో తెలుస్తుంది. దాన్నిబట్టి మందు."

మూడు రోజులు ఆ బిడ్డకు లేవు. నోరు విప్పితే ఇక వెనక్కి తీసుకోలేనని హైమవతికి తెలుసు. పన్నెండేళ్ళ ఉద్యోగం, నాలుగేళ్ళ నిశ్చల, అన్నీ ఆ ఒక్క మాటతో పోతాయి. ఏసీ గదిలో మింగేసిన మాట ఇంకా గొంతులోనే ఉన్నట్టనిపించింది.

"ఏ క్రిమో నాకు తెలుసండి" అంది. "ఆ పెరుగు నేను చేసిందే."

అంతా చెప్పింది. పళ్ళేల ఫోటోలు చూపించింది. వసుంధర గారు వింటూ వింటూనే నర్సును పిలిచి మందు పేరు చెప్పింది. తర్వాత ఒక కాగితం ముందు పెట్టి, "ఇదంతా రాసి సంతకం పెట్టండి. ఆరోగ్యశాఖకు ఇవాళే పంపిస్తాను" అంది. హైమవతి రాసింది. ఈసారి ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఆపరేషన్ చేసి పాపను బయటికి తీశారు. నెలలు నిండని పిల్ల, అరచేతిలో పట్టేంత ఉంది. గాజు పెట్టెలో పడుకోబెట్టారు. ఒకసారి సన్నగా, పిల్లికూనలా ఏడ్చింది. "మందు నిన్ననే పడింది కాబట్టి ఈ ఏడుపైనా విన్నాం" అంది వసుంధర గారు. "బతుకుతుందనే అనుకుందాం." పద్మజ మత్తులోంచి తేరుకుని, "అక్కా, ఏడ్చిందా?" అని అడిగింది. ఏడ్చిందని చెప్పి, హైమవతి తనూ ఏడ్చింది.

వరండాలోకి వచ్చి బెంచీ మీద కూచుని గోడ గడియారం చూసింది. పది. డెయిరీలో ఫోను మోగే వేళ. సంచిలోంచి పచ్చ పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది. రెండొందల పన్నెండు ఇళ్ళు. ఒక్కొక్కరికీ చెప్పాలి, గిన్నె పారబొయ్యండి, మరగకాచిన నీళ్ళతో కడగండి, ఎవరెవరికి తోడిచ్చారో చెప్పండి అని. చిట్టిబాబు గారి లెక్క ఆమె మర్చిపోలేదు. గిన్నెల్లో ఉన్నది ఎవడు తెస్తాడు? తనే తేవాలి, ఒక్కో గిన్నే.

ఎవరితో మొదలుపెట్టాలో ఆలోచించనక్కరలేకపోయింది. ఇరగవరం నంబరు కొట్టింది.

ఎత్తింది అచ్చాయమ్మ గారు కాదు. వయసులో ఉన్న ఆడమనిషి గొంతు.

"అచ్చాయమ్మ గారున్నారాండీ? నురగ డెయిరీ నుంచి."

"అత్తయ్యగారు పోయారండి. పన్నెండు రోజులైంది. రెండ్రోజులు జొరం వొచ్చిందంతే, మగతలోకెళ్ళి ఇంక లేవలేదు. పెద్దవయసు కదండీ అన్నారు డాట్రుగారు."

హైమవతి ఒళ్ళోని పుస్తకం తెరిచి అచ్చాయమ్మ గారి పేరున్న పుట వెతికింది.

"మీరేనాండీ ఆరోజు మాటాడింది? ఆవిడ ఈ పెరుగు నాకొద్దు, నోటికి తెలీట్లేదు అని ఒకటే గొడవండి. కంపెనీ మేడమ్ గారే నిక్షేపంగా తినమన్నారు కదత్తయ్యా అని నేనే బతిమాలి పెట్టేదాన్నండి. ఆఖరి రోజు కూడా రెండు ముద్దలు తిన్నారు, నా చేత్తోనే."

"అమ్మా, వినండి. ఆ తోడు..."

"అయ్యో, తోడు పారెయ్యలేదండి, అత్తయ్యగారి గుర్తు కదా! నిన్న పన్నెండో రోజు భోజనాలు పెట్టామండి. గంగాళాల్లో పెరుగు తోడెట్టాం, ఆ తోడుతోనే. ఊరంతా వొచ్చారు, నాలుగొందల మంది పైనే. చుట్టాలు పోతా పోతా తలా ఓ గిన్నెలో తోడు కూడా పట్టుకెళ్ళారు, కాకినాడ, ఏలూరు, హైదరాబాదు." ఆ పిల్ల గొంతులో దుఃఖం మధ్య చిన్న గర్వం తొంగిచూసింది. "అందరూ ఒకటే మెచ్చుకోవడమండి, ఇంత కమ్మటి పెరుగు ఎక్కడా తిన్లేదని. మీరేదో పుస్తకంలో రాస్తారంట కదా, అత్తయ్యగారు చెప్పారు. ఇది కూడా రాసుకోండి."